వీ వన్ దాటాక

సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కరోజే. అక్షయ తృతీయ నాడు చందనం ఒలిచి స్వామిని చూపిస్తారు. కళ్లు ఆనుతున్నప్పుడే ఆ దర్శనం చేసుకోవాలని మా అత్తగారి కోరిక. మోకాళ్ల నొప్పులతో రాత్రంతా రైలు ప్రయాణం ఆవిడ వల్ల కాదు. మావారూ పిల్లలూ ముందురోజే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశారు. అత్తయ్యా నేనూ శంషాబాద్‌లో విశాఖ విమానం ఎక్కాం. ఆవిడకు అదే మొదటి విమానం. ఏ సంస్థదో ఇక్కడ చెప్పను. ఆ రోజు ఆ విమానంలో పనిచేసినవాళ్లకు చెయ్యెత్తి దణ్ణం పెట్టడం తప్ప నాకు వేరే మాట లేదు.

ఎయిర్‌బస్ ఏ320. ఒక్క సీటు ఖాళీ లేదు. మాది ఎడమవైపు, రెక్కకు కాస్త ముందు వరుస. కిటికీ సీటు అత్తయ్యకిచ్చాను. తల వెనక్కి తిప్పితే ఎడమ ఇంజిన్ నోరు కనబడుతుంది, దాని మధ్యలో తిరిగే తెల్లటి గీతతో సహా. నాకు కుడిపక్కన కూర్చున్న కుర్రాడు విశాఖలో ఇంజనీరింగ్ చదువుతున్నాడట. “మామ్మగారూ, పైకి లేచేటప్పుడు చెవులు పట్టేస్తాయి, ఇది చప్పరించండి” అని అత్తయ్య చేతిలో చాక్లెట్ పెట్టాడు. బయట ఏప్రిల్ ఎండ. రన్‌వే మీద వేడిగాలి అలలు అలలుగా కదులుతోంది.

పరుగు మొదలైంది. వీపు సీటుకు అదుముకుంది. ఇక ముక్కు లేస్తుందనగా ఎడమవైపు ఢామ్మంది. ఆ వెంటనే మరో రెండు చప్పుళ్లు. కాళ్ల కింద నేల అదిరింది. ముక్కు ఎడమకు జరిగింది. అత్తయ్య భుజం వచ్చి నా మీద పడింది. రెండు మూడు క్షణాల్లో ఎవరో పట్టి సరిచేశారన్నట్టు విమానం మళ్లీ తిన్నగా అయింది. నేను ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని, ఇప్పుడు బ్రేకులు వేస్తారు, ఇప్పుడు ఆగుతుంది అని కాచుకున్నాను.

ఆగలేదు. ముక్కు పైకి లేచింది.

నాకు అసలు భయం వేసింది అక్కడే. ఇంజిన్ పేలిందని వెనక వరుసల్లో అరుస్తున్నారు. కిటికీలోంచి ఇంకా నేల కనిపిస్తోంది. ఈ స్థితిలో ఈ మనిషి విమానాన్ని ఆకాశంలోకి ఎందుకు తీసుకుపోతున్నాడు? పైగా ఎప్పటిలా జోరుగా లేవడం లేదు. చెట్లు, రోడ్డు, లారీలు చాలాసేపు దగ్గరగానే ఉన్నాయి. చక్రాలు లోపలికి ముడుచుకున్న చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఏసీ రంధ్రాల్లోంచి కమురు వాసన. ఈకలు కాలిన వాసన అది. పల్లెటూళ్లో పుట్టినదాన్ని, నాకు తెలుసు.

పక్కన కుర్రాడు సన్నగా “అహ్మదాబాద్” అన్నాడు. ఇంకో మాట అనలేకపోయాడు. ఆ ఒక్క పేరుతో మా చుట్టుపక్కల అందరి మొహాల్లో రక్తం లేదు. 2025 జూన్ 12న అక్కడ టేకాఫ్ అయిన వెంటనే కూలిన విమానంలో 241 మంది పోయారు, నేల మీద ఇంకో 19 మంది. ఆ ప్రమాదంలో రెండు ఇంజిన్లకూ ఇంధనమిచ్చే స్విచ్‌లు ఒకదాని వెంట ఒకటి ఆగే స్థానానికి మారాయని ప్రాథమిక నివేదికలో రాశారు. మాది ఒక ఇంజిన్ పోయిన సంగతి, అది వేరు, ఇది వేరు. కానీ ఆ నిమిషంలో అది ఎవరు చెప్పాలి, ఎవరు వినాలి?

అత్తయ్య కళ్లు మూసుకుని “అప్పన్నా, అప్పన్నా” అంటోంది. ఆవిడ వేళ్లు నా మణికట్టును బిగించి పట్టుకున్నాయి. కాక్‌పిట్ నుంచి ఒక్క మాట లేదు. ఎయిర్‌హోస్టెస్‌లు సీట్లలోంచి లేవలేదు. మా వైపే చూస్తూ కూర్చున్నారు. ఎవరో గట్టిగా అరిచారు: “ఏమైందో చెప్పండమ్మా!” వాళ్లలో ఒకమ్మాయి అరచెయ్యి చూపించి, కూర్చోమని సైగ చేసింది. అంతే.

చివరికి కెప్టెన్ గొంతు వినబడింది. ముందు ఇంగ్లిషులో, తర్వాత హిందీలో. ఒక ఇంజిన్ ఆపేశామనీ, రెండోది బాగా పనిచేస్తోందనీ, శంషాబాద్‌కే తిరిగి వెళ్తున్నామనీ, దిగాక అగ్నిమాపక వాహనాలు పక్కన వస్తాయి, వాటిని చూసి కంగారు పడొద్దనీ చెప్పాడు. గొంతులో తొట్రుపాటు లేదు. ఎయిర్‌హోస్టెస్‌లలో ఒకమ్మాయి శ్రీకాకుళం వైపు పిల్ల. అత్తయ్య దగ్గర మోకాళ్ల మీద కూర్చుని అదంతా తెలుగులో చెప్పింది. “ఒక ఇంజిన్‌తో కూడా విమానం ఎగురుతాదమ్మా. మాకు నేర్పించారు. మీరు బెల్టు మాత్రం వదులు చెయ్యకండి” అంది. అత్తయ్య ఆ పిల్ల బుగ్గ నిమిరింది.

తర్వాత కాసేపు చుట్టూ తిరిగాం. దిగేటప్పుడు నాకు పెద్ద తేడా తెలియలేదు. చక్రాలు నేలను తాకాక ఒక్క కుడివైపు నుంచే హోరు వినబడింది. రన్‌వే మీదే ఆగాం. ఎర్రబండ్లు రెండు వైపులా వచ్చి నిలబడ్డాయి. ఆగీ ఆగకముందే జనం లేచిపోయి పై అరలు తెరిచారు. బ్యాగులు కిందకు లాగుతున్నారు. “కూర్చోండి! బ్యాగులు వదిలెయ్యండి!” అని ఆ శ్రీకాకుళం అమ్మాయి అరిచిన అరుపు ఆ పిల్ల గొంతులోంచి వచ్చిందంటే నమ్మలేకపోయాను. మంట లేదని కింద నుంచి చెప్పాక, తీరిగ్గా మెట్లు పెట్టి దింపి, బస్సుల్లో టెర్మినల్‌కు చేర్చారు. రాత్రికి వేరే విమానం ఇచ్చారు. అత్తయ్య ఎక్కనంటుందేమో అనుకున్నాను. ఆవిడే ముందు నడిచింది. దర్శనం అందింది.

ఊరొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. ప్రాణాలతో బయటపడ్డాం, నిజమే. కానీ ఎందుకు ఆపలేదు, అంతసేపు ఎందుకు మాట్లాడలేదు అన్నవి లోపల తొలుస్తూనే ఉన్నాయి. మా అక్క కొడుకు పైలట్. వేరే సంస్థలో ఏ320 కెప్టెన్, కొత్తవాళ్లకు శిక్షణ ఇస్తాడు. ఫోన్లో అడిగితే, “ఫోన్లో వద్దు పిన్నీ, సిమ్యులేటర్‌కి రా, చూపిస్తాను” అన్నాడు. అనుమతి తీసుకుని ఒకరోజు తీసుకెళ్లాడు.

పెద్ద హాల్లో, పొడవాటి కాళ్ల మీద నిలబడ్డ తెల్లటి గది అది. చిన్న వంతెన దాటి లోపలికి వెళ్తే అచ్చం కాక్‌పిట్. ముందు అద్దాల్లో రన్‌వే. ఇద్దరు కుర్రాళ్లు సీట్లలో ఉన్నారు. వెనక శిక్షకుడి తెర ముందు మావాడు, వాడి పక్కన నేను.

పరుగు మొదలవకముందే ఆ కుర్రాళ్లు ఒకరికొకరు ఏదో గబగబా అప్పజెప్పుకున్నారు. “అది ప్రతి టేకాఫ్‌కీ ముందు మాట్లాడుకునేదే” అన్నాడు మావాడు. “వీ వన్ లోపు ఇంజిన్ పోతే ఆపేద్దాం, దాటాక పోతే ఎగిరిపోదాం, ఎగిరాక ఎటు తిరుగుదాం, ఎవరు ఏం చేద్దాం అని. మీ విమానంలో వాళ్లు కూడా ఆ మాటలు అనుకునే బయల్దేరి ఉంటారు.”

వీ వన్ అంటే ఒక వేగం. విమానం బరువు, ఆనాటి ఎండ, గాలి, రన్‌వే పొడవు, ఊరి ఎత్తు చూసి ఆ రోజుకు ఆ టేకాఫ్‌కు లెక్కగట్టే వేగం. శంషాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంది. ఎండాకాలం గాలి పలచబడుతుంది. అవన్నీ లెక్కలోకి వస్తాయి. ఏ320కి అది దాదాపు గంటకు 250 కిలోమీటర్లు, అటూ ఇటూగా. ఆ వేగం వరకు కెప్టెన్ చెయ్యి ఇంజిన్ల లీవర్ల మీదే ఉంటుంది, ఎప్పుడైనా వెనక్కి లాగి ఆపడానికి. “వీ వన్” అన్న పిలుపు వినబడగానే చెయ్యి తీసేస్తాడు. నేను కళ్లారా చూశాను. ఆ కుర్రాడి అరచెయ్యి లీవర్ల మీంచి లేచి పక్కకు వచ్చింది. ఇక ఆపే ఆలోచనే రాకుండా ఆ చేతిని అక్కడినుంచి తీసెయ్యడం.

“మరి ముందు ఇంకా రన్‌వే ఉందిరా. శంషాబాద్ రన్‌వే నాలుగు కిలోమీటర్లకు పైనే కదా” అన్నాను.

“4,260 మీటర్లు. కానీ ఎంత మిగిలిందో ఆ క్షణంలో కంటితో కొలవలేం పిన్నీ. అంత వేగంలో, అంత బరువుతో బ్రేకులు వేస్తే టైర్లు పేలొచ్చు, బ్రేకులు కాలొచ్చు, విమానం అదుపు తప్పొచ్చు. అందుకే లెక్క గేటు దగ్గరే అయిపోవాలి. అక్కడ లెక్క వేసేటప్పుడే, ఇంజిన్ పోకూడని చోట పోతుందనే అనుకుని వేస్తాం. వీ వన్‌కి కాస్త ముందు ఒక ఇంజిన్ చచ్చిపోయినా, మిగిలిన ఒక్కదానితో రన్‌వే చివరికల్లా 35 అడుగుల ఎత్తుకు చేరాలి. చక్రాలు ముడిచాక ప్రతి కిలోమీటరుకీ కనీసం 24 మీటర్లు ఎక్కగలగాలి. రెండు ఇంజిన్ల విమానానికి ఇది నిబంధన. ఆ లెక్క కుదరకపోతే బరువు తగ్గిస్తాం, బ్యాగులు దింపుతాం, జనాన్నీ దింపుతాం. లెక్క కుదిరితేనే గేటు వదులుతాం.”

మా విమానం అంత మెల్లగా లేవడానికి అర్థం అప్పుడు తెలిసింది. అది కిందికి జారడం కాదు. ఒక్క ఇంజిన్‌తో ఎంత ఎక్కగలదో అంతే ఎక్కుతోంది, ఆ ఎత్తు చాలని ముందే కాగితం మీద తేల్చుకుని ఉన్నారు.

అప్పుడు మావాడు తెర మీద ఏదో నొక్కాడు. వీ వన్ పిలుపు పడగానే ఎడమ ఇంజిన్ పోయింది. గది అదిరింది, అద్దాల్లో రన్‌వే గీత పక్కకు జరిగింది. జోడెడ్ల బండిలో ఎడమ ఎద్దు కాలు నిలిపేస్తే బండి ఎడమకే తిరుగుతుంది కదా, అదీ ఇంతే. కుడి ఇంజిన్ తోస్తూనే ఉంటుంది, ఎడమది లాక్కుంటుంది. ఆ కుర్రాడి కుడికాలు పెడల్‌ను మెల్లగా, గట్టిగా తొక్కింది. గీత మళ్లీ మధ్యకు వచ్చింది. ముక్కు లేపాడు, మామూలుగా లేపే 15 డిగ్రీలు కాదు, పన్నెండున్నర. రెండోవాడు “పాజిటివ్ క్లైంబ్” అన్నాడు. “గేర్ అప్.” చక్రాలు ముడుచుకున్నాయి.

ఆ తర్వాత వాళ్లేమీ చెయ్యలేదు.

హెచ్చరిక మోగుతోంది. దీపం వెలుగుతోంది. తెర మీద ఇంజిన్ గురించి రాతలు వచ్చేశాయి. నా చేతులు చెమటలు పట్టాయి. వాళ్లిద్దరూ ఆ రాతల జోలికి పోకుండా, వేగం, ముక్కు, దిశ, ఈ మూడింటినే చూస్తూ కూర్చున్నారు. రన్‌వే మీద 400 అడుగుల ఎత్తు దాటాకే మొదటిసారి “ఇప్పుడు చూద్దాం” అన్నారు.

“ఎందుకురా అంతసేపు?” అన్నాను.

“తొందరపడి చంపేసినవాళ్లు ఉన్నారు పిన్నీ” అన్నాడు. 1989 జనవరి 8న ఇంగ్లండ్‌లో కెగ్‌వర్త్ దగ్గర ఒక బోయింగ్ 737లో ఎడమ ఇంజిన్ దెబ్బతింటే, పైలట్లు బాగున్న కుడి ఇంజిన్‌ను ఆపేశారు. 47 మంది చనిపోయారు. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ఒక ఏటీఆర్ విమానం ఎగిరిన కాసేపటికే ఒక ఇంజిన్ పోతే, కెప్టెన్ రెండోదాన్ని ఆపేశాడు. విమానం వంతెనను రాసుకుంటూ నదిలో పడింది. 58 మందిలో 43 మంది పోయారు. ఆ రెండు చోట్లా మిగిలిన ఇంజిన్ మంచిదే. చెయ్యి ముందు పరుగెత్తింది, చూపు వెనక పడింది.

అందుకే ఇప్పుడు ఒక్కరే ఏదీ ఆపరు. నేను చూశాను: కుడి సీట్లో కుర్రాడు ఎడమ ఇంజిన్ ఆపే స్విచ్ మీద రెండు వేళ్లు ఆనించి, కదపకుండా, “ఇంజిన్ వన్ మాస్టర్, కన్ఫర్మ్?” అన్నాడు. ఎడమ సీట్లోవాడు తల తిప్పి, ఆ వేళ్లు ఏ స్విచ్ మీద ఉన్నాయో చూసి, “కన్ఫర్మ్డ్” అన్నాడు. అప్పుడే స్విచ్ కదిలింది. ఆ రెండు మాటల మధ్య ఎంతసేపు? శ్వాస పీల్చి వదిలినంత సేపు. నాకు ఆ గదిలో అన్నిటికన్నా గొప్పగా తోచింది అదే. పైకి అంత మోత, లోపల అంత నింపాది.

మాతో కెప్టెన్ వెంటనే ఎందుకు మాట్లాడలేదో వేరే చెప్పక్కర్లేదు. వాళ్లకు వరస ఉంది. ముందు విమానాన్ని ఎగరెయ్యాలి, తర్వాత దారి చూసుకోవాలి, ఆ తర్వాతే మాటలు. కంట్రోల్ టవర్‌తో “మేడే” అని మూడుసార్లు చెప్పడం కూడా చెయ్యి ఖాళీ అయ్యాకే. ఎయిర్‌హోస్టెస్‌ల పెద్దను పిలిచి, ఏం జరిగింది, ఏం చెయ్యబోతున్నాం, ఎంత టైముంది, ప్రత్యేకంగా ఏం చెయ్యాలి అని నాలుగు ముక్కల్లో చెప్తారు. ప్రయాణికులు ఆ తర్వాతే. మాకు యుగంలా గడిచిన ఆ మౌనంలో వాళ్లు మాకోసమే పనిచేస్తున్నారు. సిమ్యులేటర్‌లో ఇంజిన్ పోగొట్టే ఈ పరీక్ష ప్రతి పైలట్‌కూ ఆరు నెలలకోసారి తప్పదు. చాలామందికి ఉద్యోగమంతా నిజం విమానంలో ఇది ఒక్కసారి కూడా ఎదురుకాదట. ఎదురైన ఒక్కరోజు కోసం ఏళ్ల తరబడి ఆ గదిలో ఇంజిన్లు పోగొట్టుకుంటూనే ఉంటారు.

బ్యాగుల సంగతి కూడా అడిగాను. మావాడి మొహం మారిపోయింది. 1985 ఆగస్టు 22, మాంచెస్టర్. బోయింగ్ 737 పరుగెడుతుండగా ఎడమ ఇంజిన్‌లో ఒక భాగం పేలి, రెక్కలో ఉన్న ఇంధనపు ట్యాంకు చిరిగింది. టైరు పేలిందనుకుని పైలట్లు ఆపారు. వాళ్లు వీ వన్ లోపే ఉన్నారు, ఆపడం సరైనదే. విమానం ఎగరనే లేదు, నేల మీదే ఉంది. అయినా 55 మంది చనిపోయారు. ఎక్కువమందిని చంపింది పొగ. తలుపుల దగ్గర తొక్కిసలాట, ఇరుకు దారి. విమానాల్లో నేల వెంబడి వెలిగే దీపాలు, సులువుగా అంటుకోని సీట్ల గుడ్డ, రెక్క మీది తలుపుల దగ్గర వెడల్పయిన దారి, వీటి వెనక ఆ 55 మంది ఉన్నారు. బ్యాగు కోసం ఒకరు ఆగితే వెనక ఉన్నవాళ్లందరూ ఆగుతారు. ఆ శ్రీకాకుళం అమ్మాయి అరిచింది అందుకే.

మా ఇంజిన్‌లో దొరికినవి గద్ద ఈకలు అని తర్వాత మావాడు కనుక్కుని చెప్పాడు. పక్షుల్ని తట్టుకునేలా ఇంజిన్లకు పరీక్షలున్నాయి. తిరుగుతున్న ఇంజిన్‌లోకి తుపాకిలాంటి యంత్రంతో పక్షుల్ని పేలుస్తారు. పూర్తి వేగంలో ఉండగా ఒక ఫ్యాన్ రెక్కను కావాలని పేల్చి విరగ్గొట్టి, ముక్క తొడుగు దాటి బయటికి రాలేదని రుజువయ్యాకే అనుమతిస్తారు. పెద్ద పక్షి పడితే ఇంజిన్ ఆగిపోయినా ఫర్వాలేదు, విమానాన్ని మాత్రం ప్రమాదంలో పడెయ్యకూడదు. మా ఇంజిన్ అలాగే ఆగింది. 2022 జూన్ 19న పాట్నాలో 185 మంది ప్రయాణికులతో లేస్తున్న విమానానికి కూడా పక్షి తగిలి ఎడమ ఇంజిన్‌లో మంటలు కనబడ్డాయి. కెప్టెన్ మోనికా ఖన్నా దాన్ని క్షేమంగా వెనక్కి తెచ్చి దించింది.

ఒక ఇంజిన్ పోతే లెక్క ఉంది, శిక్షణ ఉంది. రెండూ పోతే అంత భరోసా లేదు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో బాతుల గుంపు తగిలి రెండు ఇంజిన్లూ పోతే, కెప్టెన్ సల్లెన్‌బర్గర్ హడ్సన్ నదిలో దించి 155 మందినీ కాపాడాడు. 2019 ఆగస్టు 15న మాస్కో దగ్గర సముద్రపు కాకుల గుంపు తగిలిన ఏ321ను మొక్కజొన్న చేలో దించారు, 233 మందీ బతికారు. అక్కడ నదీ, చేనూ అందుబాటులో ఉన్నాయి. అన్ని ఊళ్ల చివరా అవి ఉండవు. ఇళ్లుంటాయి.

గద్దలు రన్‌వేల చుట్టూ ఊరికే తిరగవు. కోళ్ల వ్యర్థాలు, మాంసం దుకాణాల చెత్త, పెళ్లిళ్ల ఎంగిలి విస్తళ్లు పారబోసిన చోటికి వస్తాయి. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపు బహిరంగంగా జంతువుల్ని కొయ్యకూడదు, చెత్త వెయ్యకూడదు అని విమానయాన నిబంధనల్లో 91వ నిబంధన ఎప్పటినుంచో ఉంది. పైలట్ చెయ్యాల్సింది పైలట్ చేస్తున్నాడు. ఇది మాత్రం కింద ఉన్న మన పని. శంషాబాద్, గన్నవరం, రేణిగుంట, విశాఖ, రాజమండ్రి, కడప, ఏ విమానాశ్రయం దగ్గర మీరున్నా, రోడ్డు పక్కన మాంసపు చెత్త కుప్ప కనబడితే చూసి వెళ్లిపోకండి. ఫొటో తీసి మీ పంచాయతీకో, మున్సిపాలిటీకో, విమానాశ్రయం అధికారులకో ఆ రోజే పంపండి.